మునివ్రేళ్లపై నిలుకడ

కూచిపూడి తరంగమున నర్తకి ఇత్తడి పళ్లెము అంచుపై నిలిచి ఆడుట మనమెరిగినదే. బాలే నర్తకికి ఆ పళ్లెమైనను లేదు. మునివ్రేళ్ల కొనలే ఆధారము. 1832లో పారిస్ నగరమున మేరీ టాగ్లియోని ‘లా సిల్ఫీడ్’ అను నాట్యమునందు అట్లు నిలిచి ఖ్యాతి గడించెను.

ఉప్పుగూడలో, ముప్పదియేండ్లు దాటిన పిదప ఈ విద్యకు పూనుకొన్న మేము మొదట చేసిన తప్పు, గోడ వెంట బిగించిన కమ్మిని గట్టిగా పట్టుకొనుటయే. బరువు చేతులపైకి పోయెను, చీలమండలు బలపడలేదు. ఇప్పుడు అరచేతిని కమ్మిపై ఊరక ఆనింతుము. మోకాలు వంగనీయక మడమను మెల్లగా ఎత్తి, అంతకంటె మెల్లగా దింపుదుము. ఎత్తుటకంటె దించుటయే కష్టము. కాలికి అదుపు అబ్బునది అప్పుడే. చీలమండ ప్రక్కకు ఒరుగసాగినచో ఆనాటికి చాలింతుము.

కొన గట్టిచేసిన సాటిన్ జోళ్లకై తొందరపడి మాలో ఒకరు నెల దినములు కుంటిరి. వట్టి పాదముతో ఒక్కొక్క కాలిపై ఇరువదిమారులు తడబడక లేచి దిగగలిగిన పిదపనే ఆ జోళ్లను మరల పెట్టెనుండి తీసితిమి.