ఇటదోరి

పప్పుతో కలిపి మనము వండుకొను చుక్కకూరను ఎరుగనివారుండరు. దాని కాడను పరికించి చూచినచో, ఆకు మొలచు కణుపు చుట్టును పలుచని పొర యొకటి ఒరవలె అంటియుండును. చుక్కకూర కుటుంబమును గుర్తించుటకు వృక్షశాస్త్రజ్ఞులకు ఈ ఒరయే ముఖ్యమైన ఆనవాలు. ఆ కుటుంబమునకే చెందిన ఒక అడవి మొక్కను గూర్చి నేడు ముచ్చటింతును. జపానులో దానిని ఇటదోరి అందురు.

ఇటదోరి తూర్పు ఆసియా మొక్క. రెండు మూడు మీటర్ల యెత్తు పెరుగును. కాండము వెదురువలె కణుపులు గలిగి, లోన బోలుగా, పైన ఎఱ్ఱని మచ్చలతో నుండును. ఆకులు వెడల్పైనవి, కొన వాడిగాను, మొదలు కత్తిరించినట్లు తిన్నగాను ఉండును. వేసవి చివర సన్నని తెల్లపూలు గుత్తులుగా పూయును. ఆడపూల మొక్క వేరు, మగపూల మొక్క వేరు. కాయకు మూడు రెక్కలుండును. చలికాలమున పైభాగమంతయు ఎండిపోవును. నేలలోని దుంపకాండము మాత్రము బ్రతికియుండి, వసంతమున మరల మొలకెత్తును. ఆ లేత మొలకలు చుక్కకూరవలె పుల్లనివి. జపానువారు వండుకొని తిందురు.

ఫ్యూజీ అగ్నిపర్వతము 1707లో బ్రద్దలైనపుడు తూర్పు వాలులు బూడిదతోను, మాడిన రాళ్ళతోను నిండిపోయినవి. మన్ను లేని అట్టి నేలపై ముందుగా కాలూను మొక్కలలో ఇటదోరి యొకటి. దాని దుంపలు జారు రాళ్ళను పట్టి నిలుపును. రాలిన ఆకులు కుళ్ళి మన్నగును. కొన్నేండ్లకు గుంపు నడిమిభాగము పలుచబడగా, ఆ చోట ఇతర మొక్కలు తలయెత్తును.

ఇట్టి ఉపకారియే వేరొక దేశమున ఉపద్రవమైనది. జపానులో వైద్యుడుగా పనిచేసిన జర్మనుడు సీబోల్డు దీనిని ఐరోపాకు తెచ్చెను. 1847లో ఉట్రెక్టు నగరమున ఉద్యానసంఘము దీనికి బంగారు పతకమిచ్చెను. 1850లో ఇది లండనులోని క్యూ తోటకు చేరెను. బ్రిటనులో వ్యాపించినది ఆడమొక్కయే. తన జాతి మగమొక్క అచ్చట లేదు. అయినను గోరంత దుంపముక్క చాలును, క్రొత్త మొక్క లేచుటకు. ఏటి వరదలతోను, బండ్లకెత్తిన మట్టితోను ఆ ముక్కలు దేశమంతట ప్రాకినవి. 1981లో చేసిన చట్టము దీనిని అడవులలో నాటుట నేరమన్నది. పెరటిలో ఇది మొలచినచో ఇంటిపై అప్పిచ్చువారు కూడ సంకోచింతురు.

జపానులో ఈ మొక్కను పెక్కు పురుగులు, బూజుతెగుళ్ళు అదుపులో నుంచును. ఓడలో మొక్క వచ్చినది గాని, దాని శత్రువులు రాలేదు. 2010లో జపాను నుండి ఒక చిన్న రసముపీల్చు పురుగును తెచ్చి బ్రిటనులో విడిచిరి. కాని ఆ పురుగు అచ్చట సులభముగా నిలదొక్కుకొనలేదు.

మన చెరువులను క్రమ్ముకొన్న గుర్రపుడెక్కయు దక్షిణ అమెరికా నుండి పూల అందమునకై దేశములు దాటినదే. కావున పరదేశపు మొక్కను తోటకు తెచ్చునపుడు, పుట్టినచోట దానిని అదుపు చేయునదేదో ముందు విచారింపవలెను. పెరికిన తీగలను, దుంపలను కాలువలో పారవేయక ఎండబెట్టి కాల్చివేయుట మనమందరము చేయదగిన పని.