ప్రాజెక్టు కాలనీలో ఇరుగుపొరుగు పండుగలు

ఎవరి ఇల్లు వారికి ఉంటూనే వంటశాలను, తోటను, ఆటస్థలాన్ని ఇరుగుపొరుగువారు ఉమ్మడిగా నడుపుకొనే నివాస పద్ధతిని సహనివాసం, అంటే కోహౌసింగ్, అంటారు. 1970ల ఆరంభంలో డెన్మార్క్‌లో రూపుదిద్దుకున్న ఈ పద్ధతిలో పండుగ భోజనం కూడా ఉమ్మడిదే. తెలుగునాట దీనికి కొంత దగ్గరగా వచ్చేవి ఆనకట్టల వంటి ప్రాజెక్టుల సిబ్బంది ఉండే ప్రాజెక్టు కాలనీలు.

1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్ ఆనకట్ట నిర్మాణంతో కృష్ణా నది కుడి గట్టున పెరిగిన విజయపురి సౌత్ అలాంటిదే. జలాశయంలో మునిగిన ఇక్ష్వాకుల రాజధాని పేరే దానికి దక్కింది. సహనివాసంలో పొరుగువారిని కోరి ఎంచుకుంటారు. ప్రాజెక్టు క్వార్టర్లలో ఆ ఎంపిక ఉద్యోగానిది. వేర్వేరు జిల్లాల నుంచి బదిలీపై వచ్చి, బంధువులకు దూరంగా ఉండే కుటుంబాలకు పక్కింటివారే పండుగ చుట్టాలవుతారు. తెల్లవారకముందే వేసే భోగిమంటకు ఒక ఇంటి నుంచి విరిగిన కుర్చీ, మరో ఇంటి నుంచి పిడకల దండ చేరుతాయి. చవితి పందిరికి చందాలు పోగవుతాయి. రంజాన్ సేమ్యా, క్రిస్మస్ కేకు గోడ దాటి వస్తాయి. పులిహోర గిన్నెను ఖాళీగా తిరిగి పంపకపోవడం ఇక్కడ రాయని నియమం.

అయితే ఉద్యోగ విరమణతో క్వార్టరు ఖాళీ చేయవలసి రావడం వల్ల ఈ పొరుగు సహనివాసంలోని పొరుగంత స్థిరమైనది కాదు.