ఈసారి ఆర్డర్లు ఆవిడవి

(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు 'మీ అనుభవం చెప్పండి' అంటే కార్గిల్ గురించేమో అనుకున్నాను. కాదట, మా ఇంటావిడ జబ్బు గురించి చెప్పమన్నారు. సరే, అదే చెబుతాను.

2018 ఆగస్టులో, నేను రిటైరైన రెండేళ్ళకి, మా ఆవిడకి రొమ్ములో గడ్డ బయటపడింది. అప్పుడు మేము పుణెలో ఉన్నాం. బయాప్సీ రిపోర్టు వచ్చిన రాత్రే నేను చార్టు పేపరు తెచ్చి గోడకి అంటించాను. టెస్టులు, తేదీలు, ఏం తినాలి, ఎవరు ఎప్పుడు రావాలి, అన్నీ అందులో రాశాను. ఆవిడని అడక్కుండానే విజయనగరంలో ఉన్న మా అక్కయ్యకి ఫోన్ చేసి రమ్మన్నాను. 26 ఏళ్ళు ఫౌజులో చేసినవాడికి ఇంకేం తెలుస్తుంది చెప్పండి! ఆవిడ చార్టు చూసి, "ఏమండీ, జబ్బు నాదా, మీదా?" అంది.

నాకు కోపం వచ్చింది. నిజం చెబుతున్నాను. ఆ మాట అర్థం కావడానికి నెల పట్టింది. నేను కాశ్మీర్‌లో, అస్సాంలో ఉన్నప్పుడు ఇద్దరు పిల్లల్ని పెంచింది, ఇళ్ళు మారింది, మా నాన్నగారు పోతే నేను చేరేలోపు అన్నీ నిలబెట్టింది ఆవిడే. అలాంటి మనిషిని ఒక్క రాత్రిలో రోగిని చేసి మంచం మీద కూర్చోబెట్టాను.

పాలీక్లినిక్ రెఫరల్ తీసుకుని సర్వీసు ఆసుపత్రికే వెళ్ళాం. ఆపరేషన్‌కి ముందే కీమో అన్నారు, మూడు వారాలకోసారి. ముందుగా గుండెకి ఎకో తీశారు, ఎందుకంటే మొదట ఎక్కించే ఎర్రమందు గుండె మీద పనిచేస్తుంది. డాక్సోరూబిసిన్ దాని పేరు. ఆ మందు ఎక్కాక ఒకటి రెండు రోజులు మూత్రం ఎర్రగా రావచ్చు. అది రక్తం కాదు. ఈ సంగతి నర్సమ్మ ముందే చెప్పింది కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆ సాయంత్రం నేను అంబులెన్సు పిలిచేవాణ్ణి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. కీమో అయిన వారం నుంచి రెండు వారాల మధ్య తెల్లకణాలు బాగా పడిపోతాయి. ఆ రోజుల్లో జ్వరం 100.4 వస్తే ఆసుపత్రికి వెళ్ళవలసిందే అని డాక్టరుగారు ఇద్దరికీ చెప్పారు. పదో రోజు రాత్రి రెండు గంటలకి ఆవిడ నన్ను లేపింది. థర్మామీటరు 101 చూపిస్తోంది. బయట వాన. నేను, "పారాసిటమాల్ వేసుకో, తెల్లారనీ" అన్నాను. ఆవిడ అప్పటికే చీర మార్చుకుని ఫైలు పట్టుకుని నిలబడింది. "మాత్ర వేస్తే జ్వరం దాక్కుంటుంది, లోపల ఇన్‌ఫెక్షన్ దాక్కోదు. బండి తీయండి" అంది. తీశాను. వెళ్ళగానే రక్తం తీసి, వెంటనే యాంటీబయాటిక్ మొదలుపెట్టారు. ఐదు రోజులు అడ్మిట్. తెల్లారేదాకా ఆగి ఉంటే ఏమయ్యేదో నేను ఆలోచించను.

ఆ రాత్రి తర్వాత చార్టు తీసేశాను. ఆవిడ చెబుతుంది, నేను చేస్తాను. బయాప్సీ రిపోర్టులు, రక్త పరీక్షలు తేదీల వారీగా ఫైలు చేయడం నా డ్యూటీ. ఓపీడీలో డాక్టరుగారు చెప్పేది రాసుకోవడం కూడా నాదే, ఎందుకంటే ఆ గదిలో విన్నది సగం బయటికొచ్చేసరికి మర్చిపోతాం. పప్పు పోపు వాసనకి ఆవిడకి వాంతి వచ్చేది. అందుకని పోపు మానేశాం, పెరుగన్నం, ఇడ్లీతో గడిపాం. మా అక్కయ్యని కూడా ఆవిడే పిలిచింది, మూడో సైకిల్‌కి.

ఒక తప్పు మాత్రం దిద్దుకోలేకపోయాను. జుట్టు మూడో వారంలో రాలుతుందని తెలుసు. దువ్వెనలో గుప్పెడు వచ్చినప్పుడు, "మళ్ళీ వస్తుందిలే" అన్నాను. ఆవిడ రెండు రోజులు మాట్లాడలేదు. వస్తుందని ఆవిడకి తెలియదా? ఆ పూట నేను ఊరుకుని పక్కన కూర్చుంటే సరిపోయేది.

సర్వీసులో ఉన్న తమ్ముళ్ళకి ఒక మాట. ఇలాంటిది వస్తే సీఓగారికి మొదటి రోజే చెప్పండి. 'లీవు అయిపోతుందేమో, పోస్టింగు పాడవుతుందేమో' అని దాచకండి. కంపాషనేట్ గ్రౌండ్స్ అన్న మాట రూల్సులో ఉన్నది ఇందుకే. పెన్షనర్లు ఈసీహెచ్‌ఎస్‌లో భార్య పేరు, పుట్టినతేదీ సరిగ్గా ఉన్నాయో లేదో ఆరోగ్యం బాగున్నప్పుడే చూసుకోండి. ఆసుపత్రి కౌంటరు దగ్గర అక్షరం తేడా కోసం పరుగెత్తడం నేను చూశాను.

ఇంకా అడగవలసినవి ఉంటే భోజనాల దగ్గర అడగండి. ఆవిడ మూడో వరుసలో కూర్చుంది. నాకంటే ఆవిడే బాగా చెబుతుంది.