నక్షత్రాల దారి దండకారణ్యం దాకా
(ఛత్తీస్‌గఢ్‌లోని చింతలనార్ సభలో చేసిన ఉపన్యాసం)

 

టీవీలో వచ్చే సూపర్‌హీరో సీరియల్ ఎపిసోడ్‌ను ఎలా సమీక్షించాలో మీరు నన్ను చెప్పమన్నారు. దీన్ని నేను చిన్న విషయమనుకోను. దూరదర్శన్‌లో ‘శక్తిమాన్’ 1997 సెప్టెంబరులో మొదలై 2005 దాకా నడిచింది. శక్తిమాన్ వేషంలో ముకేశ్ ఖన్నా గిర్రున తిరుగుతూ వచ్చాడంటే ఒక తరం పిల్లలు కంచం ముందు నుంచి లేచిపోయేవారు. అంతమంది చూసిన కథను మన పత్రికలు కథగా చదివింది తక్కువ. పిల్లలు అనుకరించి దెబ్బలు తగిలించుకుంటారేమోనన్న ఆందోళనే వ్యాసాలకెక్కింది. ఆ ఆందోళన న్యాయమైనదే. అయితే సమీక్షకుడి పని అక్కడితో అయిపోదు.

ఈ మాట రుజువు చేయడానికి ఒక్క ఎపిసోడ్ తీసుకుంటాను. 2022లో డిస్నీ వారి ఓటీటీలో ‘మిస్ మార్వెల్’ అనే ఆరు భాగాల సిరీస్ వచ్చింది. జెర్సీ సిటీలో ఉండే పాకిస్తానీ కుటుంబపు పిల్ల కమలా ఖాన్ అందులో నాయిక. జూలై 6న విడుదలైన ఐదో భాగం పేరు ‘టైమ్ అండ్ అగెయిన్’. దాని దర్శకురాలు షర్మీన్ ఒబైద్ చినాయ్. కరాచీ ఆమెది. డాక్యుమెంటరీలకు రెండుసార్లు ఆస్కార్ అందుకున్న మనిషి.

చూడనివారి కోసం కథ రెండు ముక్కల్లో చెబుతాను. కమలా అమ్మమ్మ సనా చిన్నప్పుడు, దేశ విభజన నాటి రాత్రి, రైల్వే స్టేషన్లో తప్పిపోయింది. నక్షత్రాలు వరసగా దారి చూపిస్తే నడుచుకుంటూ తండ్రి దగ్గరికి చేరిందని ఇంట్లో చెప్పుకుంటారు. కమలా తల్లికి ఆ మాట మీద నమ్మకం లేదు. ఐదో భాగంలో కమలా చేతి కడియం ఆమెను అదే 1947 నాటి స్టేషన్‌కు చేరుస్తుంది. కరాచీ వెళ్ళే రైలు. ప్లాట్‌ఫారం మీద కాలు పెట్టే చోటు లేదు. ముత్తవ్వ ఆయేషా కత్తిపోటుతో ప్రాణం విడుస్తూ, పాప సనాను తండ్రి దగ్గరికి చేర్చమని కమలాను వేడుకుంటుంది. కమలా చేతి నుంచి రాలిన వెలుగు ముక్కలే పాపకు దారి అవుతాయి. ఇన్నేళ్ళూ ఇంట్లో చెప్పుకున్న నక్షత్రాలు తనవేనని ఆ పిల్లకు అప్పుడు తెలుస్తుంది.

ఇక్కడ కాస్త ఆగుదాం. ఇంత శక్తి చేతిలో ఉన్న అమ్మాయి ఆ రాత్రి ఏం చేసింది? విభజనను ఆపలేదు. అల్లరిమూకను చెదరగొట్టలేదు. ముత్తవ్వను కూడా బతికించుకోలేకపోయింది. ఒక్క పాపను ఒక్క తండ్రి చేతికి అందించింది, అంతే. దర్శకురాలు కెమెరాను నాయిక మీద కంటే జనం మీద ఎక్కువసేపు నిలిపింది: మూటలు, పెట్టెలు, తనవాళ్ళ పేర్లు పెట్టి అరుస్తున్న గొంతులు. కోటి మందికి పైగా ఊళ్ళు వదిలిన ఆ నెలల బరువు మనకు అక్కడ అందుతుంది. శక్తి ఎంత పెద్దదన్నది కాదు, అది ఎవరి దాకా వచ్చిందన్నదే సూపర్‌హీరో కథను తూచే రాయి అని నేను గట్టిగా నమ్ముతాను. ఈ తూకంలో ఈ ఎపిసోడ్ నెగ్గింది.

లోపాలూ ఉన్నాయి. నజ్మా అనే ప్రతినాయిక వేరే లోకం నుంచి వెలివేయబడి వచ్చింది. ఆమె కోరిక ఇల్లు చేరడం ఒక్కటే. అంటే ఆమె కూడా నిర్వాసితురాలే! రైలెక్కే జనం మీద అంత దయ చూపిన ఎపిసోడ్ ఈమె దగ్గరికి వచ్చేసరికి తొందరపడింది. నజ్మా కొడుకు పేరును కమలా ఎత్తగానే ఆమె మనసు మారిపోతుంది, నిమిషాల్లో కాలి బూడిదవుతుంది. ఇద్దరు నిర్వాసితులను పక్కపక్కన నిలిపి చూపే అవకాశం చేజేతులా పోయింది. రచనలో ఇది పెద్ద తప్పే.

రెండో లోపం మనకు మరీ దగ్గరిది. విభజన అనగానే తెర మీదికి పడమటి రైలే వస్తుంది. తూర్పు బెంగాల్ నుంచి కదిలిన జనం ఎక్కడ? వాళ్ళు మన పక్కనే ఉన్నారు. 1958లో కేంద్ర ప్రభుత్వం దండకారణ్య ప్రాజెక్టు మొదలుపెట్టి, ఆ కాందిశీకులను నాటి బస్తర్, కోరాపుట్ జిల్లాల అడవుల్లో దించింది. కుంట దగ్గర శబరి నది దాటితే మల్కన్‌గిరి. అక్కడ వాళ్ళ ఊళ్ళను ఈనాటికీ ఎం.వి. ఒకటి, ఎం.వి. రెండు అని అంకెలతోనే పిలుస్తారు. ఉత్తరాన పఖాంజూర్ వైపు పి.వి. అంకెలు. నీళ్ళ నేలలో పెరిగి వరి, చేప తప్ప ఎరగని కుటుంబాలను ఎర్రమట్టి గుట్టల మీద కాపురం చేయమన్నారు. వాళ్ళకిచ్చిన నేల అప్పటిదాకా ఆదివాసులు తిరిగిన అడవి. తట్టుకోలేక 1978లో వేలమంది సుందరవనాల్లోని మరిచ్‌ఝాపికి వెళ్ళిపోతే, మరుసటి ఏడు అక్కడి నుంచీ వాళ్ళను ఖాళీ చేయించారు. ఇంత కథకు నాకు తెలిసిన ఏ సూపర్‌హీరో సిరీస్‌లోనూ ఒక్క సన్నివేశం దక్కలేదు.

ఇక మనం కూర్చున్న ఈ చింతలనార్. బయటివాళ్ళకు ఈ పేరు తెలిసింది 2010 ఏప్రిల్ 6న, దగ్గర్లోని తాడ్‌మెట్ల అడవిలో మావోయిస్టుల దాడిలో 76 మంది భద్రతా సిబ్బంది చనిపోయిన నాడు. ఆ తర్వాత 2011 మార్చిలో తాడ్‌మెట్ల, మోర్‌పల్లి, తిమ్మాపురంలో ఇళ్ళు తగలబడ్డప్పుడు మళ్ళీ విన్నారు. అంతకు ముందే, 2005లో మావోయిస్టులకు ఎదురుగా సల్వా జుడుం ఉద్యమం మొదలయ్యాక, ఈ చుట్టుపక్కల ఊళ్ళు ఖాళీ అయ్యాయి. కొందరు దోర్నపాల్, ఎర్రబోర్ శిబిరాలకు చేరారు. కొందరు సరిహద్దు దాటి ఖమ్మం జిల్లా అడవుల్లో గుడిసెలు వేసుకున్నారు. మన తెలుగు పల్లెల్లో గుత్తికోయలని పిలిచేది వాళ్ళనే. మూటలతో, పిల్లలను చంకనేసుకుని అడవి దారిన నడిచిన ఆ జనంలో చేయి జారిన పిల్లలు ఎందరో, నక్షత్రాల దారి దొరకనివారు ఎందరో. ఆ కల్లోలంలో మూతపడిన జగర్‌గొండ బడులు మళ్ళీ తెరిచింది పదమూడేళ్ళ తర్వాత, 2019లో.

ఈ గడ్డ మీద కూర్చుని ‘మిస్ మార్వెల్’ చూస్తే కొందరికి అది వినోదం కాదు, జ్ఞాపకం. హైదరాబాదు సమీక్షకుడు గ్రాఫిక్స్ బాగున్నాయా, తర్వాతి సినిమాకు ముడి ఎక్కడ వేశారు అని అడుగుతాడు. ఆ ప్రశ్నలు అతనికి ఉండనివ్వండి. ఇక్కడి పిల్ల మాత్రం “ఆ పాపకు దారి చూపారు సరే, మరి మా ఊరివాళ్ళకు ఎవరు చూపారు?” అని అడగగలదు. ఆ ప్రశ్న అడగగలిగిన సమీక్షే నాకు కావాలి.

ఉపాధ్యాయ మిత్రులారా, ఏడాదికి ఒక్కసారైనా తరగతిలో ఒక ఎపిసోడ్ వేసి చూపించండి. పిల్లల చేత సమీక్ష రాయించండి. గోండిలో రాస్తే గోండిలో, దోర్లలో రాస్తే దోర్లలో, తెలుగులోనో హిందీలోనో రాస్తే అందులో. భాష దిద్దకండి, ప్రశ్నను వినండి. ఇంట్లో అవ్వను అడిగి, ఆమె ఏ దారిన నడిచి వచ్చిందో కూడా అదే కాగితం మీద రాయమనండి. ఆ కాగితాలను పారేయకుండా బడి బీరువాలో దాచండి.