కంటి పరీక్షకునకు యోగ్యతా పరీక్ష
(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



మన విద్యానిధివలన చదువుకొను యువతీయువకులలో కొందరు నేడు ఆప్టోమెట్రీ విద్య నభ్యసించుచున్నారు. ఈ విద్య మన ప్రాంతమునకు క్రొత్త కాదు. 1958 లోనే హైదరాబాదు సరోజినీదేవి నేత్రవైద్యశాలయందు దీనికి పాఠశాల యేర్పడెను. పట్టా లభించిన మాత్రమున వృత్తిలో ప్రవేశింపవచ్చునా, యోగ్యతను వేరుగ నిరూపింపవలయునా యను విషయమును గూర్చి నాలుగు మాటలు మనవి చేసెదను.

సులోచనములు కుదుర్చుట సులభమని పలువురు తలంతురు. యంత్రము చూపిన యంకెను కాగితముపై నెక్కించుటయే పనియైనచో ఏండ్ల తరబడి చదువ నక్కరలేదు. కాని నీటికాసుల వ్యాధి తరచుగా నొప్పి లేకయే ప్రక్కచూపును మెల్లమెల్లగా హరించును. అట్టి రోగి అక్షరముల పట్టికలో కడపటి వరుసను గూడ చదువగలిగి యుండవచ్చును. పోయిన ఆ చూపు మరల రాదు. మధుమేహము రెటీనా పొరను చెరచుచున్నను తొలిదశలో చూపు తగ్గకపోవచ్చును. ఒక కన్ను మందగించిన పసివాడు రెండవ కంటితో చూచుచు, తనకు లోపమున్నదని చెప్పనే నేరడు. ఇట్టివారిని గుర్తింపక పంపివేసినవాడు, చికిత్సకు తగిన కాలమును వారినుండి హరించినవా డగును.

కావున పరీక్ష యెట్లుండవలయును? గ్రంథజ్ఞానమును వ్రాతపరీక్ష తెలుపగలదు. మాటలాడలేని బిడ్డ కంటిని రెటినోస్కోపుతో కొలువగల చేతినేర్పును అది తెలుపజాలదు. అభ్యర్థిచేత పరీక్షకుని యెదుటనే రోగిని చూపింపవలయును. బాధ నెట్లు వినెను, ఏ పరీక్ష నేల యెన్నుకొనెను, తన పని హద్దు నెరిగి వైద్యునియొద్దకు పంపెనా యనునవి కనిపెట్టవలయును.

2021 లో మన పార్లమెంటు అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల జాతీయ కమిషను చట్టమును చేసెను. అందు ఆప్టోమెట్రీయు చేరినది. వృత్తిదారుల పేర్లు నమోదు చేయుటకును, చదువు ముగించినవారికి నిష్క్రమణ లేక అనుజ్ఞా పరీక్ష నేర్పరచుటకును ఆ చట్టము వీలు కల్పించినది.

ఇట్టి పరీక్ష మన బిడ్డలకు భారమగుననియు, సడలింపు కోరుదమనియు కొందరందురు. వారితో నేనేకీభవింపజాలను. రేపు ఆ బిడ్డ పరీక్షించు కన్ను మన తల్లిదే కావచ్చును, పరుల బిడ్డదే కావచ్చును. పరీక్షను తేలిక చేయుమని వేడుటకంటె మన బిడ్డలను దానికి తగినవారిగా జేయుట సంఘమునకు గౌరవము.

కావున దాతలకు నా ప్రార్థన యిది: విద్యార్థివేతనము కళాశాల రుసుముతో ముగియరాదు. చదువు చివర ఆసుపత్రులలో పొందు శిక్షణాకాలమున బస, భోజనముల వ్యయమును గూడ విద్యానిధి భరింపవలయును. చేయి తిరుగునది అచ్చటనే.