బడి అవ్వగారికి మన బాకీ



ఈ రజతోత్సవ సభలో గ్రంథాలయమునకు పుస్తకము లిచ్చినవారిని, స్థల మిచ్చినవారిని పెద్దలు కొనియాడిరి. చదువరుల నిచ్చినవారిని గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. వారు ఇటీవల స్వర్గస్థులైన మన పంతులమ్మగారు. పిల్లలే గాక పిల్లల తండ్రులును వారిని ‘బడి అవ్వ’ అనియే పిలిచెడివారు.

నేను ఊరి లెక్కలు వ్రాయువాడను, పండితుడను గాను. తిక్కన భారతమును, మొల్ల రామాయణమును పద్దుల పుస్తకముల నడుమ నుంచుకొని చదివినవాడను. కనుక వారి జీవితమును జమాఖర్చుల రీతినే మనవి చేసెదను.

ముప్పది యేండ్లకు పైగా వారు ప్రాథమిక పాఠశాలలలో ఓనమాలు దిద్దించిరి. అట్టి ఉపాధ్యాయులు మన నెల్లూరు జిల్లాలో మరికొందరు కలరు. ఉద్యోగము నుండి విరమించిన పిదప వారు చేసినదే విశేషము. 1991 జనాభా లెక్కల ప్రకారము ఆంధ్రప్రదేశమున ఏడేండ్లు నిండిన స్త్రీలలో నూటికి 33 మందియైనను అక్షరాస్యులు కారు. ఆ యేడు మన జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమము సాగెను. అవ్వగారు మనుమరాలిని చంక నెత్తుకొని, కరెంటు లేని రాత్రులలో లాంతరు పట్టుకొని, కూలికి పోయి వచ్చిన స్త్రీలచేత పలక పట్టించిరి. ఆ అక్షరముల ఫలమును లోకమెరుగును. దూబగుంట స్త్రీలు మొదలిడిన సారా వ్యతిరేకోద్యమము 1992లో జిల్లా యంతటను వ్యాపించెను. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమున సారా నిషేధింపబడెను.

తరువాత పొదుపు సంఘములు వెలసినవి. “వేలిముద్ర వేసేదానికి ఆ పైన రాసిన అంకె ఎంతో ఎట్లా తెలుస్తుందే?” అని అవ్వగారు అడిగెడివారు. లెక్కలు వ్రాయువాడను గాన ఆ ప్రశ్న విలువ నాకు తెలియును. చదువు వచ్చినవారు పై పంక్తి చూచిన పిమ్మటనే సంతకము చేయుదురు.

మన గ్రంథాలయము వెలసిన క్రొత్తలో సాయంకాలమున పురుషులతో నిండిన గదిలోనికి స్త్రీలు రాజాలకపోయిరి. మధ్యాహ్నము రెండు గంటల కాలము స్త్రీలకు విడువుడని అవ్వగారు కోరిరి. కొందరు సందేహించిరి. 1960 నాటి గ్రంథాలయ చట్టమును బట్టి ఇంటిపన్నుపై సుంకము వసూలగుచుండుట వారెరుగుదురు. “గ్రంథాలయ సుంకం మా ఇళ్ళ నుంచీ వస్తున్నది గదా నాయనా! ఆ ఇళ్ళలో మేము లేమా?” అనిరి. దానికి బదులు లేకపోయెను.

వారు కథను చదివి వినిపించుచు, రసవత్తరమైన చోట నిలిపి, తక్కినది మీరే చదువుకొనుడని పుస్తకమును చేతికిచ్చెడివారు. తాను శాస్త్రములు చదువలేదని చెప్పుకొన్న మొల్ల రామాయణమునే వ్రాసినది, చదువుటకైనను మనము వెనుదీయనేల యనెడివారు. పట్టణమున నున్న మనుమడు వ్రాసిన ఉత్తరములోని తప్పులను ఎఱ్ఱసిరాతో దిద్ది, ఆశీర్వచనముతో తిప్పి పంపిన అవ్వ వారు! ఆ మనుమడు వానిని నేటికిని భద్రముగా దాచుకొన్నాడు.

ఇంతవరకు మనకు వచ్చిన జమ. ఇక మనము చెల్లింపవలసినది. వారు మంచము పట్టిన నాటినుండి మధ్యాహ్నపు చదువు ఆగినది. పుస్తకములు తీసికొనువారి పట్టీలో స్త్రీల పేర్లు నెలనెలకు తగ్గుచున్నవి. వారి చిత్రపటమును గోడకు పెట్టుదమని కొందరు మిత్రులు సూచించిరి. సంతోషమే. కాని ఆ గది మధ్యాహ్నము మూసియుండగా పటము నెవరు చూతురు? పటముతో ఈ బాకీ తీరదు.

నా ప్రార్థన యొక్కటే. రేపటి నుండి మధ్యాహ్నము తలుపు తెరువుడు. చదువు నేర్చిన మన కోడండ్రు, కూతుండ్రు వారమునకొకరు చొప్పున వంతులవారీగా అచ్చట కూర్చుండవలెను. తాళపుచెవి బాధ్యత నేను వహించెదను. మొదటి వంతుకు పేరిచ్చువారు ఈ సభ ముగియకమునుపే ఇత్తురు గాక. వ్రాసికొనుటకు కాగితము సిద్ధముగా నున్నది.

సెలవు.