ఉప్పు మోసిన ఎరుకలవారు

రైలు రాకముందు కోస్తా ఉప్పు మెట్ట ఊళ్లకు ఎలా చేరేది? గాడిదల మీద, ఎద్దుల మీద. రెండు పక్కలా ఉప్పు కంటలాలు, వెనక నడిచే ఎరుకల కుటుంబాలు. ఉప్పు కొలిచి ఇచ్చేవారు, ధాన్యం కొలిపించుకునేవారు. ఆ ధాన్యం మళ్లీ కోస్తాకి.

1856లో మద్రాసు నుంచి మొదటి రైలు కదిలింది. పట్టాలు మన సంతల కోసం వేశారా? కాదండీ. లోపలి పత్తి రేవుకు చేరాలి, ఓడెక్కి ఇంగ్లండు మిల్లులకు పోవాలి. అదే రైల్లో ఉప్పూ ఎక్కింది. గాడిద ఏం పోటీ పడుతుంది! పైగా ఉప్పు మీద సర్కారు పన్ను.

బేరం పోయింది, తిరుగుడు మిగిలింది. తిరిగేవాళ్లంటే దొరలకు అనుమానం. 1911 నేరస్థ తెగల చట్టం కింద వాళ్ల పేర్లు ఠాణా రిజిస్టరుకెక్కాయి. ముందు పోయింది బేరం. నేరస్థులన్న ముద్ర ఆ తర్వాతే పడింది. ఈ వరస మాత్రం మరిచిపోకండి.

అలా రిజిస్టరుకెక్కినవాళ్లను ఒకచోట ఉంచడానికి సెటిల్‌మెంట్లు పెట్టారు. బాపట్ల దగ్గరి స్టూవర్టుపురం అలా వెలసిందే. అక్కడివాళ్లు చీరాల పొగాకు కంపెనీలో కూలికి కుదిరారు. మద్రాసులో ఆ చట్టం 1947లో రద్దయింది.